దుప్పటి కింద మోగిన డప్పు

మా ఇంట్లో ఒక నల్లటి టేపు రికార్డరు ఉండేది. ముందువైపు ఒకే స్పీకరు, పైన మోసుకుపోవడానికి పిడి, పక్కన శబ్దం పెంచే చిన్న చక్రం. 1986 చలికాలంలో మా అన్నయ్య సూర్యాపేటలో గది తీసుకుని చదువుకుంటూ, శనివారం చివరి బస్సుకు ఊరికి వచ్చేవాడు. సంచిలో మాసిన బట్టల అడుగున ఒక క్యాసెట్టు ఉండేది. దాని మీద నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో 'భక్తి పాటలు' అని రాసి ఉండేది. నాన్న గురక మొదలయ్యాక అన్నయ్య నా మంచం దగ్గరికి వచ్చేవాడు. ఇద్దరం తలల మీదుగా ఒకే దుప్పటి కప్పుకునేవాళ్ళం. మధ్యలో టేపు రికార్డరు. అన్నయ్య ఆ చక్రాన్ని గోటితో తిప్పేవాడు. వెంట్రుకవాసి ఎక్కువైనా మళ్ళీ వెనక్కి తిప్పేవాడు.

మొదట గజ్జెలు వినిపించేవి. తరువాత డప్పు. ఆ తరువాత గొంతు.

నాకప్పుడు పదహారేళ్ళు. ఆ పాటల్లోని మాటలన్నీ మా ఊళ్ళో రోజూ వినే మాటలే. కూలి, నాగలి, దొర గడి, ఎండిన చెరువు, బిడ్డను చెట్టుకు కట్టిన ఊయలలో వేసి నాట్లు వేసే తల్లి. పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ కనిపించని ఆ మాటలు ఒక యంత్రంలోంచి పాటగా రావడం నాకు నమ్మశక్యంగా ఉండేది కాదు. పాట ఊపందుకునేసరికి దుప్పటి కింద నా పాదం దానంతట అదే ఆడేది. అన్నయ్య చీలమండ పట్టుకుని ఆపేవాడు. "కదలకు, మంచం కిర్రుమంటుంది" అనేవాడు.

పాడుతున్న మనిషి అప్పుడు ఎక్కడున్నారో బయటి లోకానికి తెలియదు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను వెంటాడి చంపిన తరువాత ఆ ఘోరాన్ని ఊరూరా పాడిన గద్దర్, పోలీసుల గాలింపు పెరగడంతో అజ్ఞాతంలోకి వెళ్ళారు. మనిషి అజ్ఞాతంలో ఉన్నారు, గొంతు మా నులక మంచం మీద ఉంది. ఆ రెండు సంగతులనూ ఒకేసారి తలచుకుంటే ఒళ్ళు జలదరించేది. తూప్రాన్‌లో పుట్టి, ఇంజనీరింగు చదువు మధ్యలో మానేసి, కొంతకాలం బ్యాంకులో గుమాస్తాగా పనిచేసిన మనిషి అని అన్నయ్య చెప్పేవాడు. 1972లో మొదలైన, గద్దర్ పాడే నక్సలైటు ఉద్యమ కళాబృందం జననాట్యమండలి గురించీ చెప్పేవాడు. గోచీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. క్యాసెట్టులో ఇవేవీ కనిపించవు కదా, నేనే ఊహించుకునేదాన్ని.

అయితే ఆ దరువు మాత్రం నాకు కొత్తది కాదు.

అది మా ఊరి దరువు. మా ఇంటి ముందు, వాకిలి దాటి రాకూడని చోట నిలబడి ఒక మనిషి వాయించే దరువు. ఇప్పుడు ఆయన అని రాస్తున్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో పదేళ్ళ పిల్లలం కూడా తాత వయసున్న ఆ మనిషిని పేరు పెట్టి, ఏకవచనంతో పిలిచేవాళ్ళం. ఎవరూ తప్పు అనలేదు. బోనాలకు ఆయన డప్పు కావాలి, పెళ్ళికి కావాలి, చావుకు కావాలి, పంచాయతీ చాటింపు వేయడానికి కావాలి. డప్పు లేకపోతే ఊళ్ళో ఏ పనీ జరగదు. డప్పు పట్టిన చేతికి మాత్రం మంచినీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవారు.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, ముత్యాలమ్మ పండుగ రోజున, ఆయన మా గడ్డివాము పక్కన నాలుగు చొప్ప కట్టలు వెలిగించి డప్పు కాస్తున్నాడు. తోలు చల్లబడితే డప్పు పలకదు. దబదబమంటుంది, తడి గోడను కొట్టినట్టు. మంట దగ్గర అటూ ఇటూ తిప్పి కాస్తే తోలు బిగుసుకుని కంగుమంటుంది. ఆయన మంటకు దగ్గరగా పట్టుకుని, వేలితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మంటకు పట్టేవాడు. పండుగకు వచ్చిన పెద్దలు తొందర పెడుతున్నారు. "ఇంకా కాగలేదు, ఆగండి" అన్నాడు ఆయన. ఊరి పెద్దలకు ఆగండి అని ఆయన చెప్పగలిగేది ఆ ఒక్క విషయంలోనే. వాళ్ళు ఆగారు కూడా.

నేను వెనకనుంచి వెళ్ళి డప్పు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, పొయ్యి మీదనుంచి దించిన రొట్టెలాగా. ఆయన నా చెయ్యి తోసెయ్యలేదు. కుడిచేతిలో పట్టుకునే లావు పుల్లను సిర్ర అంటారనీ, ఎడమచేతి వేళ్ళ మధ్య ఇమిడే సన్నపుల్లను సిటికెన పుల్ల అంటారనీ చెప్పాడు. సిర్ర మాట్లాడుతుంది, సిటికెన పుల్ల ఊ కొడుతుంది అన్నాడు. ఆ మాట యాభై ఏళ్ళుగా నాతోనే ఉంది. అంతలో అమ్మ చూసింది. నన్ను రెక్క పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయి, బావి నీళ్ళు రెండు బిందెలు తలమీదుగా కుమ్మరించింది. నాయనమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంది. నోరు మెదపలేదు.

నాయనమ్మ మౌనం గురించి నేను తరువాత చాలా ఏళ్ళు ఆలోచించాను, ఎందుకంటే ఆమె సంఘం మనిషి, అంటే నిజాంనూ దొరలనూ ఎదిరించిన కమ్యూనిస్టుల వైపు మనిషి. ఆమె పుట్టిల్లు మునగాల పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఆ పరగణా ఒక్కటీ ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లా కింద ఉండేది. పొలం గట్టు దాటితే రాజ్యం మారిపోయేది. సాయుధ పోరాటం రోజుల్లో ఇటునుంచి తరిమితే అటు పోయి తలదాచుకునేవారట. పెళ్ళయి ఈ ఊరికి రాకముందు అక్కడే, రాత్రి పూట, కందిలి వెలుగులో బుర్రకథ చూశానని నాయనమ్మ చెప్పేది. చెప్పడం కాదు, లేచి నిలబడి చేసి చూపించేది. నడుమ కథకుడు, భుజాన తంబురా, బొటనవేలికి అందె. రెండు పక్కలా వంతలు, చేతుల్లో గుమ్మెటలు. ఒక వంత నవ్విస్తాడు. రెండో వంత రాజకీయం మాట్లాడతాడు. కథలో పాతకాలపు రాజు దండెత్తి వస్తుంటే ఆ రెండో వంత ఆపి, ఈ పన్నులు ఎవరు కడతారని ఈనాటి సంగతి అడుగుతాడు. రాజకీయానికంటూ కథలోనే ఒక చోటు, ఒక మనిషి ఉండటం ఎంత గొప్ప ఏర్పాటో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

అంతకు ముందు అది జంగం కథ. జంగాలు ఊరూరా తిరిగి దేవుళ్ళ కథలూ వీరుల కథలూ చెప్పి గింజలు అడుక్కునేవారు. 1943లో కమ్యూనిస్టుల కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక ఆ కథను కొత్త మనుషులు ఎత్తుకున్నారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దాన్ని ఎంత ఎత్తుకు తీసుకుపోయారో తెలుగువాళ్ళకు చెప్పనవసరం లేదు. బెంగాల్ కరువును కథగా కట్టి చెబితే ఆంధ్ర పల్లెల్లో జనం ఏడ్చారు. మద్రాసులో ఇంగ్లీషు ప్రభుత్వమూ, హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు. వాటికి రెండు ప్రభుత్వాలు భయపడ్డాయి. అదే నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. మేము దుప్పటి కింద ఇంకొక నిషిద్ధమైన గొంతు వింటున్న ఏడాదే అది.

మా రాత్రి పాటలు నాయనమ్మకు వినిపించడం లేదనే అనుకున్నాం. ఒక ఆదివారం పొద్దున వరండాలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "ఆ రెండో పాట గొల్లసుద్దుల వరస. మా రోజుల్లోనూ అదే వరస మీద పాడేవారు" అంది. అన్నయ్య ముఖం పాలిపోయింది. ఆమె ఇంకేమీ అనలేదు. నాన్నకూ చెప్పలేదు. ఆమె రోజుల్లో సుద్దాల హనుమంతు గొల్లలు చెప్పే సుద్దుల రూపాన్ని తీసుకుని ఊళ్ళలో వెట్టి గురించీ, దేశ్‌ముఖుల గురించీ చెప్పించారు. నలభై ఏళ్ళ తరువాత అదే నడక క్యాసెట్టులో మా ఇంటికి తిరిగి వచ్చింది. పార్టీలు చీలాయి, పేర్లు మారాయి, తుపాకులు చేతులు మారాయి. వరస మారలేదు. పాటలు కట్టినవాళ్ళు వరసను మా పల్లెల దగ్గరే అప్పు తీసుకున్నారని నాకు ఆ రోజే తెలిసింది.

మా ఇంటికి ఆ క్యాసెట్లు తెచ్చి ఇచ్చింది అన్నయ్య స్నేహితుడు. పక్క ఊరి అబ్బాయి. చక్కగా పాడేవాడు, నవ్వితే ఒక పన్ను మీద పన్ను కనిపించేది. 1988లో ఒక రోజు గదికి తాళం వేసి వెళ్ళిపోయాడు. మూడేళ్ళ తరువాత ఎన్‌కౌంటరులో పోయాడని పేపరులో వచ్చింది. శవాన్ని ఊరికి తెచ్చినప్పుడు పాడటానికి ఎక్కడెక్కడినుంచో యువకులు వచ్చారు. వాళ్ళ అమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడింది. "నా కొడుకును పాటే తీసుకుపోయింది. ఇక్కడ పాట వద్దు" అంది. ఎవరూ పాడలేదు. డప్పు ఒక్కటే మోగింది, ఊరి చివరి వరకూ.

ఆ పాటలను నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. ఆమె మాటను ఏ రోజూ మరిచిపోలేదు. ఈ రెండింటినీ ఒక దారికి తేవడం నాకు చేతకాలేదు, తేవాలనీ అనుకోవడం లేదు.

డిగ్రీ చదవడానికి హైదరాబాదు వచ్చాక హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది శ్రీకాకుళం ఉద్దానం. జీడితోటలు, కొబ్బరితోటలు, సముద్రపు గాలి తప్ప ఇంకేమీ మాట్లాడేది కాదు మొదట్లో. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు నేను దుప్పటి కింద పాటల సంగతి చెప్పాను. ఆమె చీకట్లో నోటితోనే జముకు మోగించింది. ఒకవైపు తోలు బిగించిన చిన్న గుల్ల, ఆ తోలు నడుమనుంచి ఒక తీగ, తీగను లాగి పట్టి మీటితే జుం జుం మంటుంది. బిగువు పెంచితే నాదం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. అది వాళ్ళ వైపు ఎల్లమ్మ కథ చెప్పే వాయిద్యం. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకుల కథనే గిరిజనుల పోరాటానికి తెచ్చారు. మంత్రాలు చదివిన నోటితో ఎల్లమ్మ కథ వరస మీద భూమి కథ చెప్పారు. 1969 డిసెంబరు 22న రంగమటియా కొండల్లో ఆయనను కాల్చి చంపారు. ఆ అమ్మాయి పుట్టడానికి ముందు జరిగినదే, అయినా చూసినదానిలా చెప్పింది. వాళ్ళ అమ్మ అట్లా చెప్పి పెంచిందట.

విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. అక్కడి యాస, అక్కడి దూకుడు. మా వైపు పాట నేలను తొక్కుతూ నడిస్తే, వాళ్ళ వైపు పాట అలలాగా లేచి విరుగుతుందని నాకు అనిపించేది. వార్డెను పడుకున్నాక మేమిద్దరం మంచాల మధ్య రెండడుగుల జాగాలో ఆ దరువుకు అడుగులు వేసేవాళ్ళం. చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా, మునివేళ్ళ మీద. ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఆడపిల్ల ఆడవచ్చునని ఒప్పుకున్న ఆట బతుకమ్మ ఒక్కటే. చప్పట్లు, వంగడం, ఒక అడుగు పక్కకు. దాన్నే కొంచెం వేగం పెంచి, నడుం కొంచెం ఎక్కువ వంచి, కాలు గట్టిగా వేస్తే జననాట్యమండలి అడుగు అవుతుందని మేమే కనిపెట్టామనుకుని మురిసిపోయాం.

చాలా ఏళ్ళ తరువాత, 2009లో, శ్రీకాకుళం కొండలకు పోదాం రమ్మని పిలిచే వంగపండు పాట పల్లవి ఒక పెద్ద సినిమాలో నాయికానాయకుల చిందు పాటగా వచ్చింది. ఆమె అర్ధరాత్రి ఫోను చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పిల్లలు ఆడుతున్నారే. వాళ్ళకు ఏ కొండో తెలియదు" అంది.

1990 ఫిబ్రవరిలో గద్దర్ అజ్ఞాతంనుంచి బయటికి వచ్చారు. నిజాం కాలేజీ మైదానంలో సభ. మేమిద్దరం లైబ్రరీకి వెళ్తున్నామని చెప్పి బయలుదేరాం. మైదానం నిండి జనం రోడ్ల మీదికి పొంగింది. చెట్ల మీద, గోడల మీద, బస్సుల టాపుల మీద మనుషులు. నాకు వేదిక సరిగా కనిపించలేదు. ముందున్న ఒక పెద్దాయన తన తలపాగా విప్పి నేల మీద పరిచి, "దీని మీద నిలబడు బిడ్డా, దుమ్ము అంటదు" అన్నారు. నేను ఆ తలపాగాను తొక్కలేక పక్కనే నిలబడ్డాను. అప్పుడు గజ్జెలు వినిపించాయి. టేపు రికార్డరులో చీమ నడకలా విన్న ఆ గజ్జెలు, మైకులోంచి వచ్చి చెవులను కాదు, పక్కటెముకలను తాకాయి. నాలుగేళ్ళుగా కదలకు, కదలకు అని చెప్పించుకున్న పాదాలు కదిలాయి. చుట్టూ అందరి పాదాలూ కదులుతున్నాయి. దుమ్ము మోకాళ్ళ వరకూ లేచింది. ఏడుస్తున్నానని నాకు తెలియలేదు, నా స్నేహితురాలు చెప్పింది.

చదువు అయ్యాక నేను టీచరునై సొంత జిల్లాకు తిరిగి వచ్చాను. అప్పటికి మా ఊళ్ళో డప్పు కథ వేరే మలుపు తిరిగింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దాని పేరు జనం నోట దండోరా. ఏ చాటింపు వేయించడానికి వాళ్ళను ఊళ్ళు వెట్టికి వాడుకున్నాయో ఆ చాటింపు పేరే ఉద్యమానికి పేరయింది. చంకన డప్పు వేసుకుని తలవంచుకుని నడిచే వీధిలోనే తల ఎత్తి డప్పు కొట్టుకుంటూ ఊరేగింపు వచ్చింది. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ కోసం మొదలైన ఆ డప్పు చప్పుడు సుప్రీంకోర్టు దాకా పోయి, వర్గీకరణ సబబేనన్న తీర్పు 2024 ఆగస్టు 1న రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. మా ఊళ్ళో మాత్రం ఫలితం వెంటనే కనిపించింది. చావులకు వెట్టిగా డప్పు కొట్టబోమని వాడ మొత్తం తీర్మానించుకుంది.

1996లో నాయనమ్మ పోయింది. నాన్న మొదటిసారి తానే నడిచి వాడకు వెళ్ళాడు. నేను వెంట వెళ్ళాను. డప్పు వాయించే ఆ పెద్దమనిషి మంచం మీదనుంచి లేవలేదు. కూర్చోమని ఇంకో మంచం చూపించాడు. నాన్న కూర్చోవాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి కూర్చున్నాడు. "పిలిస్తే వస్తాం. పురమాయిస్తే రాం. లెక్క ముందే మాట్లాడుకోవాలి" అన్నారు ఆయన. నాన్న తల ఊపాడు. నేను ఆ రోజే ఆయనను మొదటిసారి తాతా అని పిలిచాను. మంచినీళ్ళు అడిగాను. చెంబు నా చేతికిచ్చారు. ఇరవై ఏళ్ళ కిందటి ఆ రెండు బిందెల నీళ్ళు నాకు గుర్తుకొచ్చాయి, ఆయనకు గుర్తున్నాయో లేదో అడిగే ధైర్యం రాలేదు.

నాయనమ్మ పాడె వెంట ఆయనే స్వయంగా వాయించారు. నెమ్మదైన నడక. ఒక దెబ్బ, విరామం, రెండు దెబ్బలు. సంఘం పాటలు విన్న ఆమె ఆఖరి దారికి ఆ డప్పు రావడం న్యాయంగా అనిపించింది. ఆమె ఆ రోజు అరుగు మీద నోరు మెదపకుండా ఉండిపోయింది కదా అన్న బాధా అక్కడే ఉంది.

1999లో భువనగిరి బెల్లి లలితను చంపారు. వేసవి సెలవులయ్యి బడి తెరిచాక కూడా నేను వారం రోజులు సరిగా పాఠం చెప్పలేకపోయాను. స్పిన్నింగు మిల్లులో పనిచేసి, గొల్లకుర్మల ఇంటినుంచి వచ్చి, తెలంగాణ నీళ్ళ గురించీ మద్యం గురించీ గొంతెత్తి పాడిన ఆడమనిషి. మే 26న ఆమెను చంపి, శరీరాన్ని పదిహేడు ముక్కలు చేశారు. పాట పాడినందుకు ఒక ఆడదాని మీద అంత కసి. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగి, ఒక తూటా చివరి వరకూ ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన బతికారు. లలిత బతకలేదు. లలిత పేరు చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే తెలంగాణ పాట గురించి ఎవరు అడిగినా నేను ముందు ఆమె పేరు చెబుతాను.

2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ ధూంధాం రెండు మూడేళ్ళలో మా వైపుకూ వచ్చింది. సభ అంటే కుర్చీలు, దండలు, ఉపన్యాసాలు అనుకునేవాళ్ళకు అది కొత్త. తెల్లవార్లూ పాట, ఆట, నడుమ నాలుగు మాటలు. ఒగ్గు కథ, చిందు, కోలాటం, బతుకమ్మ అన్నీ ఒకే వేదిక మీద. బుర్రకథలోని ఆ రెండో వంత పని అక్కడ అందరూ పంచుకున్నారు. మా బడి మైదానంలో జరిగిన ధూంధాంలో మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు వేదిక ఎక్కి డప్పు పట్టుకుని ఆడారు. అందులో ఇద్దరు వాడ పిల్లలు, మిగిలిన ముగ్గురు ఇతర కులాలవాళ్ళు. ఆ ముగ్గురి ఇళ్ళలో ఆ రాత్రి ఎవరూ బిందెలు కుమ్మరించలేదని మరునాడు వాకబు చేసి తెలుసుకున్నాను.

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు. మేము బడులు మూసి రోడ్డెక్కాం. ఆ ఏడు బతుకమ్మ పండుగ సమ్మె నడుమనే వచ్చింది. విజయవాడ రహదారి మీద లారీలు బారులు తీరి ఆగిపోతే, నడిరోడ్డు మీద తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలు పేర్చి ఆడాం. పక్కనే పొయ్యిలు పెట్టి వంటావార్పు. చీకటి పడ్డాక డప్పులు వచ్చాయి. తాత కూడా వచ్చారు, మనవడి భుజం పట్టుకుని. చూపు బాగా తగ్గింది. మనవడు వాయిస్తుంటే ఆయన రోడ్డు పక్క రాయి మీద కూర్చుని మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. దరువు అందుకోగానే ఆడవాళ్ళం, మగవాళ్ళం, లారీ డ్రైవర్లు, బందోబస్తుకు వచ్చిన ఒకరిద్దరు కానిస్టేబుళ్ళతో సహా అందరి పాదాలూ ఆడాయి. ఎంతసేపు ఆడామో తెలియదు. ఆయాసంతో వచ్చి ఆయన పక్కన కూర్చుని, "తాతా, ఈ దరువు ఎప్పుడు కట్టారు? ఉద్యమం కోసం కట్టిందా?" అని అడిగాను.

ఆయన నవ్వారు. "కొత్తదేమీ కాదు. మీ నాయనమ్మను సాగనంపిందే. నడక పెంచాం, అంతే" అన్నారు.

నేను మళ్ళీ లేచి ఆడలేకపోయాను. కూర్చుని విన్నాను. ఒక దెబ్బ, విరామం, రెండు దెబ్బలు. విరామం అంతా ఎగిరిపోయి, నిజంగా అదే.

తాత రాష్ట్రం రావడం చూశారు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ కావడం విన్నారు. ఆ తరువాతి చలికాలంలో పోయారు. 2020 ఆగస్టు 4న వంగపండు పోయినప్పుడు కరోనా కాలం, నా స్నేహితురాలూ నేనూ ఫోనులోనే పాడుకున్నాం. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయారు. మరునాడు ఎల్‌బీ స్టేడియం ముందు నేను వరసలో నిలబడ్డాను. అన్నయ్య కూడా వచ్చాడు, మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని. ఒకప్పుడు వెతికిన ప్రభుత్వమే అధికార లాంఛనాలతో సాగనంపింది. చుట్టూ వందల డప్పులు. అన్నయ్య నా చెవి దగ్గర వంగి, "శబ్దం తగ్గించాల్సిన పని లేదు" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

తాత మనవడు ఇప్పుడు హైదరాబాదులో సౌండు బాక్సులు, లైట్లు అద్దెకిచ్చే దుకాణం పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు డీజే. కంప్యూటరులో డప్పు దరువులను కత్తిరించి, అతికించి, కింద మోత కలిపి కొత్త చిందు పాటలు చేస్తాడు. మంచి గిరాకీ ఉంది. నాకు ఆ మోత ఎక్కువగా ఉంటుందని అనిపిస్తుంది, గుండె దడదడలాడుతుంది. అతనితో ఆ మాట అంటే, "టీచరమ్మా, నేను ఏది చేసినా అడుగున తాత దరువే ఉంటుంది" అన్నాడు. రోడ్డు మీద సమ్మె జరిగిన రోజుల్లోనే ఒకసారి ఫోనులో తాత వాయింపు రికార్డు చేసుకున్నాడట. ఆయనది అదొక్కటే మిగిలింది. నాకూ పంపమని అడిగాను.

నిన్న రాత్రి పంపాడు. ఇంట్లో అందరూ పడుకున్నారు. మనవరాలు నా పక్కనే నిద్రపోతోంది. లేపకుండా దుప్పటి తలమీదికి లాక్కుని ఫోను చెవికి ఆనించుకున్నాను. చాలాసేపు డప్పు రాలేదు. చొప్ప మండే చిటపటలు వినిపించాయి. తోలును వేలితో మీటిన చిన్న చప్పుడు. దూరంగా ఎవరో తొందర పెడుతున్నారు. ఆ తరువాత తాత గొంతు, మంటకు దగ్గరగా, తాపీగా.

"ఇంకా కాగలేదు, ఆగండి."